రేడియోకు ఉపాసం

పంచాయతీ రేడియోలు కొత్తగా వచ్చిన రోజుల్లో వాటి చుట్టూ తిరిగే మనుషులకు ‘ఉపాసం’ అని ఒక మాట ఉండేది. సెట్లు బాగుచేసే మెకానిక్కులు అనేవాళ్ళు, బ్యాటరీలు ఛార్జింగు చేసే దుకాణంవాళ్ళు అనేవాళ్ళు, చివరికి స్టేషనులో మైకు ముందు కూర్చునేవాళ్ళ నోటికి కూడా ఎక్కింది. సాయంత్రం వ్యవసాయం ముచ్చట్లు అయిపోయాక, పాటలు మొదలయ్యేలోగా, కాసేపు ప్రకటనలు చదివేవారు. ఇల్లు విడిచి వెళ్ళినవాళ్ళ గుర్తులు, దవాఖానల్లో దిక్కులేకుండా పడి ఉన్నవాళ్ళ పేర్లు, అలాంటివి. ఎవరూ వినని ఆ కాసేపూ సెట్టు కట్టేస్తే బ్యాటరీ మిగిలేది. అట్లా కట్టేయడాన్ని రేడియోకు ఉపాసం పెట్టడం అనేవారు.

ఆ మాట ఎక్కడ పుట్టిందంటే తలా ఒక కథ చెప్పేవారు. ఆత్మకూరు వైపు పుట్టిందని ఒకడు, నల్గొండలో ఎవరో మెకానిక్కు అన్నాడని ఇంకొకడు. అన్నీ ఉత్త మాటలు. అది మా ఎర్రగట్టులో, దర్జీ జానయ్య నోట పుట్టింది. మా ఊరికి అదేదో గొప్ప అని చెప్పడం లేదు. గొప్ప అనుకున్నవాళ్ళను చూసి నాకు ఒళ్ళు మండిన రోజులున్నాయి కాబట్టి చెబుతున్నాను.

జానయ్య మిషను పంచాయతీ ఆఫీసు అరుగు మీద ఒక మూల ఉండేది. కల్వకుర్తి బాటలో బస్సు దిగి, గట్టు చుట్టి నడిస్తే మా ఊరు. కరెంటు లేదు. ప్రభుత్వం వారు రేడియో ఇచ్చి, దాన్ని తాళం ఉన్న పెట్టెలో పెట్టి, ముందు గుంజకు పెద్ద బాకా కట్టించి వెళ్ళారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నది తేలక ఊళ్ళో పెద్ద పంచాయితీయే నడిచింది. సర్పంచు దగ్గర ఉంటే పటేలుకు పడదు, పటేలు దగ్గర ఉంటే సర్పంచుకు పడదు. పొద్దస్తమానం అక్కడే కూర్చునే జానయ్యకు ఇస్తే ఎవరి పరువూ పోదని చివరికి ఒప్పుకున్నారు. ఆనాటి నుంచి కొలత టేపుతో పాటు ఆ తాళంచెవి కూడా అతని మెడలో వేలాడింది.

జానయ్య దాన్ని చాలా మురిపెంగా మోశాడు. పొద్దు గూకే వేళకు మిషను మీద గుడ్డ కప్పి, ముఖం కడుక్కుని, తల దువ్వుకుని వచ్చి పెట్టె తెరిచేవాడు. పెద్దమనుషులు తమ హోదా కొద్దీ పెట్టెకు దగ్గరగా కుర్చీలు వేసుకునేవారు. ఊరి చివరి గుడిసెల వాళ్ళు దూరంగా, బాకా కట్టిన గుంజ కింద నేల మీద కూర్చునేవారు. మాట మాత్రం అక్కడే బాగా వినబడేది. ఈ సంగతి పెద్దమనుషులకు ఎన్నడూ తెలియలేదు.

చిక్కంతా బ్యాటరీతోనే. మోటారు బండికి ఉండేలాంటి బరువైన బ్యాటరీ అది. ఛార్జింగు అయిపోతే బాట దాకా మోసి, బస్సు మీద వేసి, కల్వకుర్తి పంపి, తిరిగి వచ్చేదాకా రేడియో మూగది. పక్క ఊళ్ళలో పాట మధ్యలోనే రేడియో గొంతు పూడుకుపోతే జనం తిట్టుకుంటూ ఇళ్ళకు పోయేవారు. జానయ్యది గుడ్డ వృథా కాకుండా కత్తిరించే చెయ్యి. అంగీకి ఇచ్చిన గుడ్డలో పిల్లవాడి టోపీ మిగిల్చేవాడు. అదే తీరున రేడియోలో ఏది అక్కర, ఏది అక్కర లేదు అని చూశాడు. ప్రకటనలు మొదలుకాగానే ఒకనాడు సెట్టు కట్టేశాడు. అందరూ ఏమైందని తలలెత్తారు.

“జర ఉపాసముండనీయున్రి దాన్ని,” అన్నాడు జానయ్య. “పాటల యాల్లకు కడుపు నిండ మాట్లాడుతది.”

ఊరంతా నవ్వింది. ఆ కాసేపట్లో మగవాళ్ళు చుట్టలు చుట్టుకున్నారు, ఆడవాళ్ళు పిల్లలను ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నారు. జానయ్య ఒక కాజా కుట్టడం పూర్తిచేసి మళ్ళీ పెట్టాడు. సరిగ్గా మొదటి పాట మొదలవుతోంది. ఇక ఆనాటి నుంచి రోజూ అదే పద్ధతి. కాజా కుట్టడం ఉపాసానికి గడియారం అయింది.

గుంజ కింద కూర్చునేవాళ్ళలో యోహాను ఒకడు. కూలి మనిషి. ఆదివారం ప్రార్థనలో అతను పాడితే గుడిసెల అవతల పొలాల్లో ఉన్నవాళ్ళు కూడా పని ఆపి వినేవారు. రేడియోలో పాట వస్తే రెండోసారికే పట్టేసేవాడు. పెళ్ళాం సుక్కమ్మ, ఒళ్ళో పసిపిల్ల, పక్కన అతను, రోజూ అదే చోటు. ఒకనాడు జానయ్య సెట్టు కట్టేయబోతుంటే అక్కడి నుంచే అడిగాడు.

“కాకా, గా పేర్లు గూడ ఇననీయరాదె. ఎవలకన్న అక్కర ఉంటది.”

“మనూర్లె ఎవలు తప్పిపోయిన్రు ర యోహాను?” అన్నాడు జానయ్య, మీట తిప్పుతూ. “నువ్వు తప్పిపోయినప్పుడు పెడ్త తియ్.”

పెద్దమనుషులు పొట్టలు పట్టుకుని నవ్వారు. యోహాను కూడా నవ్వాడు. అంతటితో ఆ మాట అయిపోయింది.

సెట్లు చూడడానికి కల్వకుర్తి నుంచి సైకిలు మీద ఎల్లస్వామి అనే మెకానిక్కు వచ్చేవాడు. చుట్టుపక్కల ఊళ్ళ రేడియోలన్నీ అతని చేతి కిందివే. ఎర్రగట్టు బ్యాటరీ అన్ని ఊళ్ళ కంటే ఎక్కువ కాలం నడుస్తోందని అతనికే ఆశ్చర్యం వేసి అడిగాడు. జానయ్య ఉపాసం సంగతి చెప్పాడు. ఎల్లస్వామికి ఆ పద్ధతీ నచ్చింది, ఆ మాటా నచ్చింది. వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ తాళంచెవి ఉన్నవాణ్ణి కూర్చోబెట్టి, జానన్న లెక్క ఉపాసం పెట్టు అని నేర్పాడు. ఏడాది తిరగకుండా మా వైపు ఊళ్ళన్నీ ఒకే వేళకు నోళ్ళు మూసుకోవడం మొదలుపెట్టాయి. సమితి ఆఫీసులో ఒక సభ పెట్టి, పొదుపుగా రేడియో నడిపినందుకు జానయ్యకు పూలదండ కూడా వేశారు. ఆ దండ ఎండిపోయి రాలేదాకా అతని మిషను పైన మేకుకు వేలాడింది.

ఆ మరుసటి ఏడాది వానలు మొహం చాటేశాయి. నల్గొండ అవతల ఎక్కడో వంతెన కడుతున్నారని, ఒక మేస్త్రీ వచ్చి కూలీలను తీసుకుపోయాడు. యోహాను కూడా పోయాడు. వానలు పడేనాటికి వస్తానన్నాడు. వానలు పడ్డాయి, అతను రాలేదు. సుక్కమ్మ పగలంతా కూలికి పోయేది, పొద్దు గూకితే పిల్లనెత్తుకుని వచ్చి గుంజ కింద కూర్చునేది. ఇంట్లో ఒంటరిగా ఉండలేకపోయింది, అంతే. రేడియోలో మొగుడి కబురు వస్తుందని ఆమెకు ఆలోచన కూడా లేదు.

ఒక ఉదయం ఎల్లస్వామి సైకిలు అరుగు దగ్గర ఆగింది. ఆ వారం అతను రావలసిన పని లేదు.

“జానన్నా, మీ ఊర్ల యోహాను అని ఎవలన్న ఉన్నరా?” అన్నాడు దిగకుండానే. “నిన్న పొద్దు గూకినంక దుకాణంల ఒక సెట్టు చూస్తున్న. దాంట్ల మీ ఊరి పేరు చెప్పిన్రు. కాలికి దెబ్బ తాకి దవాఖానల ఉన్నడంట, మనుషులను రమ్మంటున్నరు. అంతకుముందు గూడ చెప్పిన్రంట. మీరెవ్వరు ఇన్లేదా?”

జానయ్య మిషను చక్రం ఆపాడు. ఎప్పుడు చెప్పారని అడగలేదు. అడగక్కరలేదు. ఎల్లస్వామి చెప్పే వేళ ఏదో అతనికి తెలుసు. ఆ వేళల్లో సుక్కమ్మ బాకా కింద కూర్చునే ఉంది. అతను కాజా కుడుతున్నాడు.

సుక్కమ్మ తమ్ముణ్ణి తీసుకుని అప్పటికప్పుడు బస్సెక్కింది. జానయ్య కూడా వెళ్దామని అంగీ వేసుకుని బాట దాకా నడిచాడు. యోహాను కళ్ళలోకి చూడవలసి వస్తుందని భయమేసి వెనక్కి తిరిగాడు. ఇంటికి రాకుండా పక్క ఊళ్ళకు పోయాడు. ఒక్కరైనా వినలేదా, ఒక్క ఊళ్ళోనైనా సెట్టు నడవలేదా అని అతని ఆశ. ఎవరైనా విని ఉంటే, చెప్పడం మరిచిపోయారని వాళ్ళ మీద తప్పు వేయవచ్చు. పోయిన ప్రతి ఊళ్ళోనూ తాళంచెవివాడు నవ్వుతూ ఒకే మాట చెప్పాడు. “గప్పుడు మావి అన్ని ఉపాసమే గద జానన్నా. నువ్వు నేర్పిందేనాయె.”

సుక్కమ్మ తిరిగి వచ్చింది. చేతిలో మొగుడి గొంగడి ఉంది. ఆమె మర్నాటికి చేరేసరికి అతన్ని పూడ్చి ఒక రోజు గడిచిందట. పుండు ముదిరి విషం పైకెక్కిందట. దవాఖానవాళ్ళు రాసిన కార్డు, మా ఊరికి టపా వచ్చే సంతనాడు, తీరిగ్గా చేరింది. ఊరు ఏడ్చింది. ఆయుష్షు అంతే ఉందన్నారు. మేస్త్రీని తిట్టారు, వానలను తిట్టారు. రేడియో సంగతి ఒక్కరూ ఎత్తలేదు. నువ్వు తప్పిపోయినప్పుడు పెడతానని జానయ్య అన్న మాటకు పొట్టలు పట్టుకున్నవాళ్ళలో ఒక్కడికి కూడా ఆ నవ్వు గుర్తు రాలేదు. గుర్తున్నది జానయ్యకే. యోహాను నవ్వు కూడా అతనికి గుర్తుంది.

ఆనాటి నుంచి ఎర్రగట్టులో ఉపాసం ఆగిపోయింది. ప్రకటనలు మొదలయితే జానయ్య మిషను వదిలి లేచి వచ్చి పెట్టె పక్కన నిలబడేవాడు. ఎక్కడెక్కడి పేర్లో, ఎవరెవరి పుట్టుమచ్చలో, అన్నీ నిలబడే వినేవాడు. మా వైపు ఊరి పేరు వస్తే ఆ రాత్రే మనిషిని పంపేవాడు, మనిషి దొరకకపోతే తానే పోయేవాడు. బ్యాటరీ నెల తిరగకముందే చచ్చిపోయేది. పాటలు పోయాయని జనం గొణిగారు, తాళంచెవి లాక్కుంటామని పెద్దలు బెదిరించారు. అతను బ్యాటరీని భుజాన వేసుకుని బాట పట్టేవాడు. అందులోని ఆసిడ్ చుక్కలు పడి అతని అంగీలన్నీ జల్లెడలయ్యాయి.

“ఊరందరికి కుడ్తవు, నీ అంగిని జర చూస్కోరాదా,” అనేది అతని భార్య అండాలు.

“ఉండనీయ్ తియ్,” అనేవాడు. ఆ చిల్లుల్లో ఒక్కటీ కుట్టుకోలేదు.

అతన్ని తినేసింది ఆ బరువు కాదు. సుక్కమ్మకు ఆ మాట చెప్పలేకపోవడం. ఆమె ఇక రేడియో దగ్గరికి రావడం మానేసింది. జానయ్యే ఏదో సాకు పెట్టుకుని గుడిసెల వైపు పోయేవాడు. పిల్లకు లంగా కుట్టి తీసుకుపోయాడు. మేక ఈనిందని విని చూడడానికి పోయాడు. “కూసో కాకా,” అని ఆమె పీట వేసేది. కూర్చునేవాడు. నీ మొగుడి పేరు నీ నెత్తి మీది నుంచే పోయింది బిడ్డా, నేనే వినకుండా చేశాను అని చెప్పాలని వచ్చినవాడు, “మేకకు తౌడు పెడ్తున్నవా?” అని అడిగి లేచి వచ్చేవాడు. దారి పొడుగునా తనను తాను తిట్టుకునేవాడు. పిరికి ముండాకొడుకునని అండాలుతో ఒకసారి అన్నాడట.

ఉపాసం అన్న మాట మాత్రం అతన్ని విడిచిపెట్టలేదు. కల్వకుర్తి దుకాణంలో కాలు పెడితే చాలు, “ఉపాసం జానన్న వచ్చిండు,” అని కుర్రకారు ప్రేమగా కుర్చీ తెచ్చేవాళ్ళు. అది అక్కడి నుంచి మెకానిక్కుల వెంట పట్నం పోయింది, స్టేషను చేరింది. అక్కడివాళ్ళకు అది ముచ్చటగా తోచి, ఎవరూ వినని వేళకే ఆ పేరు పెట్టుకున్నారు. ప్రకటనలు చదివే వంతు వచ్చినవాణ్ణి, నీకు ఇవాళ ఉపాసం పడిందిరా అని ఏడిపించుకునేవారట.

అట్లా కొన్నేళ్ళు పోయాక స్టేషను నుంచి ఒక అధికారి జీపులో, మాటలు పట్టే మిషను వేసుకుని మా ఊరికి వచ్చాడు. పల్లెల్లో రేడియో వల్ల పుట్టిన కొత్త మాటల గురించి ఏదో కార్యక్రమం చేస్తున్నాడట. ఊరు ఊరంతా జానయ్యను ముందుకు తోసింది. సర్పంచు తన కుర్చీ ఇచ్చాడు.

“ఏమండీ పెద్దాయనా, ఈ మాట మీదేనటగా,” అన్నాడు అధికారి, మైకు దగ్గరగా పెడుతూ. “అసలెలా పుట్టిందో, మీ యాసలోనే చెప్పండి.”

జానయ్య మొదటిరోజు అన్న మాట చెప్పాడు. అందరూ నవ్వారు. అక్కడ ఆగుతాడనుకున్నారు, ఆగలేదు. ఎవరి ముఖం చూసి చెప్పలేకపోయాడో ఆ ముఖం అక్కడ లేదు, ఎదురుగా ఉన్నది ఒక ఇనుప ముక్క. దానికి అంతా చెప్పేశాడు. యోహాను అడిగింది, తాను అన్నది, గుంజ కింద కూర్చున్న సుక్కమ్మ, పక్క ఊళ్ళకు పోయింది, అన్నీ. “గా మాట తోని ఒక మనిషి దిక్కు లేకుంట పోయిండు. ఏ ఊర్లె గూడ గా టయంల బంద్ చెయ్యకున్రి,” అన్నాడు చివరికి. సర్పంచు నేల చూస్తూ దగ్గాడు.

“ఇదంత వస్తదా సారూ?” అని అడిగాడు జానయ్య.

“తప్పకుండా వస్తుందండీ,” అన్నాడు అధికారి, తీగ చుట్టుకుంటూ.

ఫలానా నాడు వస్తుందని కబురు అందగానే జానయ్య సుక్కమ్మ ఇంటికి పోయాడు. ఈసారి మేక సంగతి అడగలేదు. “ఇయ్యాల రేడియోల నా మాట వస్తది బిడ్డా. నువ్వు ఇనాలె. ఇంతకన్న ఏం అడగ,” అన్నాడు. ఆమె అతని అంగీ చిల్లుల వైపు కాసేపు చూసి సరేనంది.

వచ్చి గుంజ కింద తన పాత చోట కూర్చుంది. కాస్త ఎదిగిన కూతురు పక్కన కూర్చుంది. ముచ్చట్లు మొదలయ్యాయి. జానయ్య గొంతు బాకాలోంచి వచ్చింది. జర ఉపాసముండనీయున్రి దాన్ని, పాటల యాల్లకు కడుపు నిండ మాట్లాడుతది. వెంటనే పట్టేసిన మా ఊరి నవ్వులు. ఆ తరువాత అధికారి గొంతు, మన పల్లె ప్రజల మాటల్లో ఎంత చమత్కారం ఉందో విన్నారు కదా అని. దాని వెనకే ఒక హుషారైన పాట. అంతే. మిగతాదంతా కత్తిరించేశారు. దర్జీ మాటను కూడా గుడ్డలాగే కత్తిరించవచ్చని వాళ్ళకు తెలుసు. నాడు అరుగు మీద అంతా విన్న ఊరే, అది గుర్తు లేనట్టు చప్పట్లు కొట్టింది.

సుక్కమ్మ లేచి కొంగు దులుపుకుంది. ఆమె పోతే మళ్ళీ ఎన్నటికీ చెప్పలేనని జానయ్యకు తెలుసు. పెట్టె దగ్గరికి పోయి, పాట సగంలో ఉండగా సెట్టు కట్టేశాడు. పాట మధ్యలో మీట తిప్పడం అతని చేతికి అదే మొదలు. జనం అరిచారు. అతను పట్టించుకోకుండా గుంజ దగ్గరికి నడిచాడు.

“బిడ్డా, నీ పెనిమిటి పేరు చెప్పినప్పుడు దీన్ని బంద్ చేసింది నేనే. నువ్వు గీడనే కూసున్నవు. ఇన్నేండ్లు నీకు చెప్పలేకపోయిన,” అన్నాడు. “నన్ను ఏమన్న అను.”

సుక్కమ్మ నిలబడే అతన్ని చూసింది.

“నాకెరుకే కాకా,” అంది. “దవాఖానల నీళ్ళు పోసే ఆమె అప్పుడే చెప్పింది. రేడియోల చెప్తున్నమయ్యా అంటె, గాయన తల అడ్డంగ ఊపిండంట. గప్పుడు గాదమ్మా, పాటలప్పుడు చెప్పున్రి అన్నడంట. పాటలప్పుడైతె మా జానయ్య కాక బంద్ చెయ్యడు, నా పేరు వస్తె పరుగున వస్తడు అన్నడంట. ఆఖరి దాక గదే అన్నడంట.”

జానయ్య గుంజను పట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ పీట వేసి కూర్చోబెట్టిన మనిషికి ఇది తెలుసు. తెలిసే మేక సంగతి చెప్పింది, లంగా తీసుకుంది. తిడితే అతనికి కొంత తేలిక అయ్యేదేమో. ఆమె తిట్టలేదు, క్షమించానని కూడా అనలేదు. కూతురు భుజం మీద చెయ్యి వేసి, మళ్ళీ అక్కడే నేల మీద కూర్చుంది.

“పో కాకా, పెట్టు,” అంది. “పేర్లు చెప్పే టయమయింది.”